కాయితం రాయించుకో

మా వంశంలో ఇల్లు కొన్న మొదటి మనిషిని నేను. ఇళ్ళు కట్టినవాళ్ళు ఉన్నారు. మా తాతలు ఊళ్ళో ఆసాముల మేడలకు మట్టి మోశారు, రాళ్ళు మోశారు, తాటిదూలాలు మోశారు. గవర్నమెంటు ఇచ్చిన ఇంట్లో బతికినవాళ్ళు ఉన్నారు. నేను పెరిగింది అలాంటి కాలనీ ఇంట్లోనే. కానీ ఎదుటి మనిషి ముందు కుర్చీలో కూర్చుని, "మీ ఇల్లు ఎంతకిస్తారు?" అని అడిగి, బేరమాడి, డబ్బులిచ్చి కొన్నవాళ్ళు మాత్రం లేరు. ఇచ్చినది తీసుకోవడం వేరు, కొనడం వేరు. ఇచ్చేవాడి చెయ్యి పైనుంటుంది, తీసుకునేవాడి చెయ్యి కిందుంటుంది. కొనేటప్పుడు రెండు చేతులూ ఒక ఎత్తున ఉంటాయి. ఈ దేశంలో మాకు లేకుండా చేసింది ఆ ఎత్తునే.

2019లో ఆ ఇల్లు కొనడానికి నేను పడ్డ పాట్లు చెప్తే కొందరు నవ్వొచ్చు. "ఒప్పుకున్నాక రేటు పెంచడం ఎక్కడైనా ఉండేదే గదమ్మా, దానికీ కులమేనా?" అనొచ్చు. మా స్టాఫ్ రూములో అన్నారు కూడా. అందుకే నా కథ ఒక్కటే చెప్పను. మా తాత కథతో కలిపి చెప్తాను. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే గానీ సంగతి తెలియదు.

మా అమ్మమ్మగారి ఊరు అప్పటి గుంటూరు జిల్లాలో, నరసరావుపేట అవతల. అంతా మెట్ట. జొన్న, కంది, పొగాకు. మా తాత ఒక ఆసామి దగ్గర పాలేరు. ఏడాదికింత జీతం అని ఉగాదికి ఒప్పుకునేవాడు. 1960 ప్రాంతంలో ఆసామి తన పొలంలో చివరి ఎకరం మా తాతకు ఐదొందలకు ఇస్తానన్నాడు. రాళ్ళ నేల. దాన్ని ఎవరూ అడగలేదు. మా తాత దగ్గర ఐదొందలు ఎక్కడివి? "జీతంలో పట్టుకుంటాలేరా. తీరినాక నీదే" అన్నాడు ఆసామి. మా తాత తలగుడ్డ తీసి దణ్ణం పెట్టి వచ్చాడు. అదే అగ్రిమెంటు.

ఆ రోజు నుంచి ఏడాదికి అరవయ్యో డెబ్భయ్యో జీతంలో తగ్గేది. ఇంట్లో ఒక్కరికీ చదువు రాదు. మా అమ్మమ్మ గుడిసె లోపలి గోడమీద బొగ్గుతో గీతలు గీసేది. పది రూపాయలకు ఒక గీత. పండక్కి ఇల్లు అలికి సున్నం కొట్టేటప్పుడు ఆ జానెడు జాగా వదిలేసేదట. మా అమ్మకు చిన్నప్పుడు ఆ గీతలు లెక్కపెట్టడమే ఆట. బడికి పోని మా అమ్మ నలభై మూడు దాకా అంకెలు నేర్చుకున్నది ఆ గోడమీదే. నలభై మూడు గీతలంటే నాలుగొందల ముప్పై రూపాయలు. ఇంకా ఏడు గీతలు గీస్తే ఎకరం మాది.

ఈలోగా కాలువ వచ్చింది. నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబరులో. కాలువలకు నీళ్ళు వదిలింది 1967 ఆగస్టులో. కుడికాలువ తవ్వకంలో మా పల్లెవాళ్ళు చాలామంది తట్టలు మోశారు. మా తాత కూడా పని లేని రోజుల్లో పోయి మోశాడు. పిల్లకాలువ ఆ ఊరి పొలాల్లోకి వస్తుందని తేలగానే రాళ్ళ నేలకు ప్రాణం వచ్చింది. ఐదొందల ఎకరం రెండు వేలు దాటింది.

మా తాత ఆఖరి ఏడాది లెక్క చూసుకుందామని ఆసామి వాకిట్లో నిలబడ్డాడు. ఆసామి కోప్పడలేదు, తిట్టలేదు. "ధర పెరిగిందిరా. అప్పుడు మెట్ట, ఇప్పుడు మాగాణి. అప్పటి మాట ఇప్పుడెట్టా?" అన్నాడట. కావాలంటే రెండు వేలకు తీసుకో అన్నాడు. లేకపోతే పట్టుకున్న డబ్బు ఇంటి గింజల బాకీలో చెల్లు వేస్తానన్నాడు. ఆ గింజల బాకీ ఎంతో మా తాతకు తెలియదు. అది ఆసామి పుస్తకంలో ఉంది. మా లెక్క మా గోడమీద ఉంది. రెండు లెక్కలు తగాదా పడితే పుస్తకమే గెలుస్తుంది గానీ గోడ గెలుస్తుందా?

పెద్దమనుషుల దగ్గరికి పోయాడు. పెద్దమనుషులంటే ఆసామి తమ్ముడు, బావమరిది, కరణం. మాటకు సాక్షి ఎవరన్నారు. సాక్షి ఆసామి ఇంటి ఆవు తప్ప ఎవరూ లేరు. వంద రూపాయలూ ఆ పైన విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు దస్తావేజు మీదే జరగాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెప్తుంది. ఆ చట్టానికి అప్పటికి ఎనభై ఏళ్ళు దాటాయి. మా పల్లెలో ఆ సంగతి ఒక్కరికీ తెలియదు. తెలిసిన కరణం మాకు చెప్పడు. 1984లో ఆ వంశపారంపర్య పదవులు రద్దయ్యేదాకా ఊరి కాయితాలన్నీ కరణం ఇంట్లోనే. మావాళ్ళు ఆ ఇంటి అరుగు కిందే నిలబడాలి. కాయితం అంటరానితనంలో ఉందని నేను అనేది అందుకే. బావి ఎట్లా మాది కాదో కాయితమూ అట్లాగే మాది కాదు.

మా తాత ఆ తరవాత ఇరవై ఏళ్ళు బతికాడు. ఎవరైనా అడిగితే "మోసం చేశాడు" అనలేదట. "ధర పెరిగింది" అనేవాడట. ఆసామి మాటనే తనూ చెప్పాడు. నాకు ఏడుపొచ్చేది ఇక్కడే. డబ్బు పోయినందుకు కాదు, పోయిన సంగతి చెప్పుకోవడానికి కూడా మాకు సొంత మాట లేకపోయినందుకు. ఆ ఎకరం పక్కనున్న డొంక మీద నడవడం మాత్రం మానేశాడు. పొలానికి చుట్టు తిరిగి పోయేవాడు.

ఇక నా సంగతి.

మా నాన్న నేను చిన్నగా ఉన్నప్పుడే పోయాడు. మా అమ్మ మిరపకోతలకు పోయి, పొగాకు గ్రేడింగుకు పోయి నన్ను సాకింది. సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో ఉండి చదివాను. డిగ్రీ చదివింది మా ఇంట్లో నేనే మొదలు. బీఎడ్ చేసి, డీఎస్సీ రాసి, 2016లో సోషల్ టీచరుగా చేరాను. మా ఆయన ఆర్టీసీలో కండక్టరు. పట్టణంలో మూడేళ్ళలో నాలుగు అద్దె ఇళ్ళు మారాం. ఎందుకు మారామో ఈ పుస్తకం చదివేవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఒక ఇంట్లో మాంసం వాసన, ఒక ఇంట్లో ఆదివారం పాటలు, ఒక ఇంట్లో "మా చుట్టాలొస్తున్నారు". నాలుగో ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు మా పాప "మన సొంతిల్లు ఎక్కడుందమ్మా?" అంది. ఆ రాత్రి నిర్ణయించుకున్నాను.

బడికి దగ్గరలో మూడు సెంట్ల జాగాలో రెండు గదుల స్లాబు ఇల్లు అమ్మకానికి ఉందని మధ్యవర్తి చెప్పాడు. ఇంటాయన రిటైర్డు ఉద్యోగి. కొడుకు దగ్గరికి వెళ్ళిపోతూ అమ్ముతున్నాడు. "రండి టీచరుగారూ, కూర్చోండి" అన్నాడు. కాఫీ ఇచ్చారు. మీదేవూరన్నాడు, చెప్పాను. ఇంటిపేరు ఏమిటన్నాడు, చెప్పాను. మా ఇంటిపేరు పెద్దకులాల్లోనూ ఉంది. ఆయన ముఖం విప్పారింది. ఆయన ఏమనుకున్నాడో నాకు తెలిసింది. నేను దిద్దలేదు. ఎందుకు దిద్దాలి, ఆయన తన కులం నాకు చెప్పాడా? అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పిల్లలకు అంబేడ్కర్ పాఠం చెప్పే మనిషిని, ఒక కాఫీ కోసం నోరు మూసుకున్నానా అనిపించింది.

1917లో బరోడాలో అంబేడ్కర్‌కు జరిగింది గుర్తొచ్చింది. కొలంబియాలో, లండన్‌లో చదువుకుని బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చిన మనిషికి ఊళ్ళో గది దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు పెట్టుకుని దిగాడు. పదకొండో రోజు పొద్దున కర్రలు పట్టుకుని డజను మంది వచ్చారు. సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నారు. ఇద్దరు మిత్రులను ఆశ్రయం అడిగాడు. ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. ఇద్దరూ ఏదో ఒక కారణం చెప్పారు. బొంబాయి రైలు వేళ దాకా ఒక పబ్లిక్ తోటలో కూర్చున్నాడు. ఇదంతా ఆయన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో తనే రాసుకున్నాడు. అంతటి మనిషి పేరు మార్చుకోవాల్సి వచ్చిందంటే, ఇంటిపేరు దిద్దని నన్ను నేను కొంచెం క్షమించుకున్నాను. కొంచెమే.

బేరం ఇరవై ఆరు లక్షల దగ్గర మొదలై ఇరవై నాలుగు దగ్గర తెగింది. ఇంటాయన నవ్వుతూ "మాటంటే మాటే టీచరుగారూ. మన మధ్య కాయితాలెందుకు? డబ్బు సర్దుకోగానే రిజిస్ట్రేషను పెట్టుకుందాం" అన్నాడు. మా ఆయన సరేనన్నాడు. పెద్దమనిషి గదా అన్నాడు. నేనూ సరేననుకుని ఊరికి ఫోన్ చేశాను. మా అమ్మ సంతోషపడలేదు. మొదటి మాటే, "కాయితం రాయించుకున్నావా?"

"ఆయన అట్టాంటోడు కాదమ్మా."

"ఎట్టాంటోడైనా గానీ. మీ తాత మాట వినే చెడ్డాడు. మాట వాళ్ళకీ వాళ్ళకీ మజ్జెన చెల్లుద్ది. మనకాడికి వచ్చేతలికి గాలైపోద్ది. కాయితం రాయించుకో. రాయించుకోకపోతే నేను గడప తొక్కను."

వేలిముద్ర వేసే మా అమ్మ, ఎమ్మే చదివిన నాకు చట్టం నేర్పింది. మర్నాడు సిగ్గుపడుతూనే అగ్రిమెంటు అడిగాను. ఇంటాయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు గానీ కాదనలేదు. అప్పటికింకా నేను 'మన' మనిషినే. స్టాంపు కాయితం మీద దస్తావేజు లేఖరి రాశాడు. ధర ఇరవై నాలుగు లక్షలు, బయానా రెండు లక్షలు, మిగతాది మూడు నెలల్లో. నా సంతకం, ఆయన సంతకం, ఇద్దరు సాక్షులు. అది 2019 మార్చి.

పదిహేను రోజుల తరవాత మా అమ్మ ఇల్లు చూడ్డానికి వచ్చింది. సంచీలో కందిపప్పు, ఎండుమిరపకాయలు. గేటు దగ్గర చెప్పులు విడిచి చేత్తో పట్టుకుంది. లోపలికి రాలేదు. గోడ పక్కన మునగచెట్టు నీడన నిలబడింది. "రా అమ్మా" అన్నాను. "ఈడ బానే ఉందిలే" అంది. ఇంటావిడ కిటికీలోంచి చూసింది. బయటికొచ్చి "ఎవరు?" అంది. "మా అమ్మ" అన్నాను. ఆవిడ నన్ను అడగలేదు, సూటిగా మా అమ్మనే అడిగింది. "ఏవూరమ్మా మీది? ఊళ్ళోనా, పల్లెలోనా?"

"పల్లెనే అమ్మగారూ" అంది మా అమ్మ.

మా జిల్లాలో పల్లె అంటే ఏమిటో అందరికీ తెలుసు. ఆ రోజు కాఫీ రాలేదు.

బస్టాండులో నేను మా అమ్మ మీద కేకలేశాను. చెప్పులు చేతిలో పట్టుకుంటే ఎట్టా, నేను టీచర్నమ్మా అన్నాను. మా అమ్మ బస్సు కదిలేదాకా మాట్లాడలేదు. కిటికీలోంచి ఒక్కమాట అంది. "నీ సదువు నీ నెత్తికెక్కింది గానీ నా కాళ్ళకెక్కలేదు గదమ్మా." ఈ వ్యాసంలో నేను రాస్తున్నవాటిల్లో నాకు ఎక్కువ సిగ్గయ్యేది ఆ కేకల గురించి రాయడమే.

ఎనిమిదో రోజు ఫోన్ వచ్చింది. "చూడమ్మాయ్, రేట్లు పెరిగినయ్యి. ఇరవై ఎనిమిదికైతే చెయ్యి. లేకపోతే వచ్చి నీ రెండు లక్షలు తీసుకుపో." 'టీచరుగారూ' అన్న నోరే 'చూడమ్మాయ్' అంది. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. కులం పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. తిట్టలేదు. ధర పెరిగింది, అంతే. యాభై ఏళ్ళనాటి ఆసామి గొంతు నా సెల్ ఫోన్‌లో వినపడింది.

మేమిద్దరం పోయి అడిగాం. ఈసారి లోపలికి పిలవలేదు, వరండాలో నిలబెట్టే మాట్లాడాడు. తరవాత మధ్యవర్తి టీకొట్టు దగ్గర మెల్లిగా చెప్పాడు. వీధిలో వాళ్ళు ఇంటాయనను అడిగారట. "అమ్మం అంటే గొడవవుద్ది, రేటు పెంచితే వాళ్ళే పోతారు" అని ఎవరో సలహా ఇచ్చారట. ఈ మాట కోర్టులో చెప్తావా అంటే మధ్యవర్తి టీగ్లాసు పెట్టేసి వెళ్ళిపోయాడు.

మా స్కూల్లో ఇంకో టీచరు ఉన్నారు, పెద్దకులమే. ఆయనకూ ఇల్లు కొనేటప్పుడు అమ్మేవాడు ఒప్పుకున్నాక యాభై వేలు పెంచాడు. నిజమే. కానీ ఆయన వాళ్ళింటికి పోయాడు, సోఫాలో కూర్చున్నాడు, చుట్టరికాలు కలుపుకున్నాడు, ఇరవై వేలకు తెంచుకున్నాడు. ఆ పెంపు డబ్బు కోసం. నా దగ్గర పెంచింది నేను పోవాలని. ఆయనకు ధర అంటే బేరం. నాకు ధర అంటే గోడ. పాత రోజుల్లో ఊరికీ పల్లెకూ మధ్య డొంక ఉండేది. పట్టణంలో డొంక ఉండదు. అందుకని నాలుగు లక్షలు అడ్డం పెట్టారు. అంటరానితనం నోరు జారకుండా మాట్లాడ్డం నేర్చుకుంది.

నేను ఎనిమిదో తరగతికి రాజ్యాంగం చెప్తాను. 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. 19వ అధికరణ దేశంలో ఎక్కడైనా నివసించే హక్కు ఇచ్చింది. ఇన్నేళ్ళు చెప్పాను గానీ, నా ఇంటి దగ్గరికి వచ్చాక ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. దళిత సంఘం మిత్రుడొకరు ఒక లాయరుగారి దగ్గరికి తీసుకుపోయారు. ఆయన బీరువాలో బొజ్జా తారకం గారి 'పోలీసులు అరెస్టు చేస్తే' కనపడింది. 1985 జూలై 17న కారంచేడులో మాదిగలను చంపినప్పుడు, హైకోర్టులో గవర్నమెంటు ప్లీడరు పదవి వదిలేసి బాధితుల పక్కన నిలబడ్డ మనిషి రాసిన పుస్తకం అది. కారంచేడు మాదిగలు ఆ తరవాత ఊళ్ళోకి తిరిగి పోలేదు. చీరాలలోనే శిబిరం వేసుకున్నారు, అక్కడే కాలనీ కట్టించుకున్నారు, విజయనగర్ కాలనీ. ఎక్కడ బతకాలో మేమే తేల్చుకుంటాం అన్న మాట మావాళ్ళు అంత గట్టిగా అన్నది అప్పుడే. నేను ఆ తరవాత పుట్టినదాన్ని. నాలుగు లక్షలకు భయపడి తిరిగి పోతే ఎట్టా అనిపించింది.

లాయరుగారు రెండు దారులు చెప్పారు. చదివేవాళ్ళకు పనికొస్తాయని రాస్తున్నాను.

మొదటిది పౌరహక్కుల రక్షణ చట్టం. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టంగా వచ్చింది, 1976లో ఈ పేరు మారింది. దాని నాలుగో సెక్షనులో బావులు, హోటళ్ళు, శ్మశానాలతో పాటు ఇంకో మాట ఉంది. ఏ ప్రాంతంలోనైనా నివాస గృహం కట్టుకోవడంలో, సంపాదించుకోవడంలో, అందులో ఉండడంలో అంటరానితనం పేరుతో అడ్డుపెడితే నేరం. నెల నుంచి ఆరు నెలల జైలు, వంద నుంచి ఐదొందల రూపాయల జరిమానా. నేరమయ్యే పని షెడ్యూల్డు కులం మనిషి మీద జరిగితే, కాదని రుజువయ్యేదాకా అది అంటరానితనం వల్లనే జరిగినట్టు కోర్టు భావించాలని పన్నెండో సెక్షను చెప్తుంది. నేను సోషల్ టీచర్ని. ఆ ఇంటి మాట అప్పటిదాకా నాకే తెలియదు. పాఠ్యపుస్తకంలో బావి ఉంది, గుడి ఉంది, ఇల్లు లేదు.

రెండోది ఒప్పందం దారి. 1963 నాటి నిర్దిష్ట పరిహారాల చట్టం కింద, ఒప్పుకున్న ధరకు రిజిస్టరు చెయ్యమని సివిల్ కోర్టులో దావా వెయ్యొచ్చు. అగ్రిమెంటు ఉన్నంత మాత్రాన ఇల్లు మనది కాదు, ఇల్లు అడిగే హక్కు వస్తుంది. ఆ హక్కును కోర్టు ఇష్టముంటే ఇవ్వొచ్చు, లేకపోతే మానొచ్చు అని పూర్వం ఉండేది. 2018 సవరణతో ఆ వెసులుబాటు బాగా తగ్గింది. అది 2018 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. మా అగ్రిమెంటు 2019 మార్చిది. రిజిస్ట్రేషనుకు గడువు తేదీ రాసుకుంటే ఆ తేదీ నుంచి మూడేళ్ళలోపు దావా వెయ్యాలి. అన్నిటికంటే ముఖ్యం, కొనేవాళ్ళు మొదటినుంచీ డబ్బుతో సిద్ధంగా ఉన్నామని రుజువు చూపించాలి. "బయానా వెనక్కి తీసుకోవద్దమ్మా. తీసుకుంటే ఒప్పందం వదులుకున్నట్టే అంటారు" అన్నారు. అగ్రిమెంటు రిజిస్టరు చేయించనందుకు కోప్పడ్డారు కూడా. రిజిస్టరు కాకపోయినా ఇలాంటి దావాలో సాక్ష్యంగా పనికొస్తుంది గానీ, చేయించుకుంటే ఇంకా గట్టిగా ఉండేదన్నారు.

నేను రెండో దారి పట్టాను. మా సంఘం మిత్రుడికి కోపం వచ్చింది. "కులం వల్ల జరిగితే కులం మాట ఎత్తకుండా ఒప్పందం అంటావేంటక్కా? రేపు ఇంకొకళ్ళకు ఇట్టాగే చేస్తారు" అన్నాడు. ఆయన మాట తప్పు కాదు. నేను చెప్పిన జవాబు ఇది. "నేను వాళ్ళను జైలుకు పంపాలని రాలేదు తమ్ముడూ, ఇంట్లోకి పోవాలని వచ్చాను. వాళ్ళు కులం మాట ఎత్తకుండా కొట్టారు. నేనూ ఎత్తకుండానే గెలవాలి. బాధితురాలిగా కాదు, కొనేమనిషిగా." ఈ జవాబు పూర్తిగా సరైనదని ఈనాటికీ చెప్పలేను. ఆ వీధిలో ఇంకొక మాదిగ కుటుంబం ఇల్లు కొనబోతే, నా మౌనం వాళ్ళకు ఏం ఉపయోగపడుతుందని ఆలోచిస్తూనే ఉన్నాను. ఈ వ్యాసం రాయడానికి అది ఒక కారణం.

మే నెలలో రిజిస్టరు పోస్టులో నోటీసు పంపాం. గడువులోపు ఫలానా తేదీన డబ్బుతో సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఉంటాం, వచ్చి రిజిస్టరు చెయ్యండి అని. ఆ రోజు నేను సెలవు పెట్టి, బ్యాంకు లోను మంజూరు కాయితం, పాస్‌బుక్కు పట్టుకుని పొద్దున పదిన్నర నుంచి సాయంత్రం దాకా ఆ బెంచీ మీద కూర్చున్నాను. ఇంటాయన రాలేదు. వచ్చినట్టు గుర్తుగా అక్కడే ఈసీకి దరఖాస్తు పెట్టి రసీదు తీసుకోమన్నారు లాయరుగారు. తీసుకున్నాను. ఆ మధ్యాహ్నమంతా మా తాత గుర్తొచ్చాడు. ఆయన ఆసామి వాకిట్లో నిలబడ్డాడు. నేను గవర్నమెంటు బెంచీ మీద కూర్చున్నాను. యాభై ఏళ్ళలో మాకు వచ్చిన తేడా ఇంతే. కానీ ఇది తక్కువది కాదు.

తరవాత పేపర్లో చిన్న ప్రకటన వేయించారు. ఫలానా ఇంటి మీద మాకు క్రయ అగ్రిమెంటు ఉంది, ఎవరూ కొనవద్దు అని. ఒప్పందం ఉన్నట్టు తెలిసి కొన్నవాడి మీద కూడా మన హక్కు నడుస్తుంది. ఆ ప్రకటన చూసి, ఇంటాయన మాట్లాడుకున్న ఇంకో బేరం వెనక్కిపోయింది. అక్కడ కొడుకు కొన్న ఫ్లాటుకు డబ్బు కట్టాలి. ఇక్కడ ఇల్లు కదలడం లేదు.

ఆగస్టులో మధ్యవర్తి మళ్ళీ వచ్చాడు. "ఇరవై ఆరుకు తెంచుకోండి" అన్నాడు. వారం తరవాత "పోనీ ఒక లక్ష, బోరు మోటారుకనుకోండి" అన్నాడు. మా ఆయన ఒప్పుకుందాం అన్నాడు. చీటీ మీద, బంగారం మీద తెచ్చిన డబ్బుకు వడ్డీ పడుతోంది, అద్దె పడుతోంది. ఆయన అలసట నాకు అర్థమైంది. అయినా ఒప్పుకోలేదు. లక్ష గురించి కాదు. ఒక్క రూపాయి ఎక్కువిస్తే, మా తాతతో ఆసామి అన్న మాట నిజమని నేను సంతకం పెట్టినట్టే. సెప్టెంబరు ఆఖర్లో ఇంటాయన తనే ఫోన్ చేశాడు. "ఎప్పుడు రమ్మంటారు?" అన్నాడు. 'రమ్మంటావు' అనలేదు, 'రమ్మంటారు' అన్నాడు. కాయితం ఆ మేరకు పనిచేసింది.

ఇరవై నాలుగు లక్షలకే రిజిస్ట్రేషను అయింది. గెలిచామని పండగ చేసుకోలేదు. లాయరు ఫీజు, ప్రకటన, వడ్డీలు, అద్దె కలిపితే అరవై వేలు దాటింది. అదీ ధరే. ఈ దేశంలో మేం కొనే ప్రతి వస్తువు మీదా అలాంటిది ఒకటి ఉంటుంది. బిల్లులో కనపడదు.

రిజిస్ట్రేషను రోజు మా అమ్మ వచ్చింది. అక్కడ సంతకంతో పాటు కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు ఇద్దరూ ఫొటో ఇవ్వాలి, వేలిముద్ర వెయ్యాలి. 2001లో రిజిస్ట్రేషను చట్టానికి చేసిన సవరణ అది. నేను వేలు పెడుతుంటే మా అమ్మ చూసి పకపకా నవ్వింది. "ఇంత సదివించింది మళ్ళీ ఏలిముద్ర ఎయ్యటానికా?" అంది. బల్ల దగ్గర గుమాస్తా కూడా నవ్వాడు. నా తరవాత ఇంటాయన వేలు పెట్టాడు. మా అమ్మ నవ్వు ఆపి ఆ వేలినే చూసింది. మావాళ్ళ వేళ్ళ మీదే ఎప్పుడూ చూసిన పని, మొదటిసారి అవతలి మనిషి వేలు చేస్తుంటే చూసింది. బయటికొచ్చాక "అందరియ్యీ ఒకే మాదిరి పడతయ్యా?" అని అడిగింది. అవునన్నాను.

ఇప్పుడు ఆ ఇంట్లోనే ఉంటున్నాం. పక్కింటివాళ్ళు మాట్లాడ్డానికి ఏడాది పట్టింది. ఎదురింటివాళ్ళు ఇంకా మాట్లాడరు. మా అమ్మ ఊరినుంచి వచ్చినప్పుడు చెప్పులు గేటు దగ్గర విడవదు, మెట్టు దగ్గర విడుస్తుంది. అది అందరూ విడిచే చోటే.

మా విద్యార్థులతో, ముఖ్యంగా పల్లెల్లోంచి వచ్చే పిల్లలతో నేను ఒకటే చెప్తాను. మాట గొప్పదని పుస్తకాలు చెప్తాయి. మాట తప్పనివాళ్ళ కథలు మన పాఠాల్లో బోలెడు. ఆ మాటలు ఎవరు ఎవరికి ఇచ్చారో అడగండి. పాలేరుకిచ్చిన మాట నిలబెట్టుకున్న రాజు కథ ఒక్కటి వెతికి తెండి. అది దొరికేదాకా కాయితం రాయించుకోండి. కూలికైనా, కౌలుకైనా, ఇంటికైనా రాయించుకోండి. చదివి సంతకం పెట్టండి. నకలు దగ్గర పెట్టుకోండి.

మా అమ్మమ్మ గుడిసె ఎప్పుడో కూలిపోయింది. ఆ గోడ లేదు. నలభై మూడు గీతల లెక్క ఏ రికార్డులోనూ లేదు, మా అమ్మ నోట్లో తప్ప. ఆ ఎకరం మేం తిరిగి అడగలేం. లెక్క మాత్రం ఇక్కడ రాసి పెడుతున్నాను. ఆ రోజుల్లో నాలుగొందల ముప్పై రూపాయలు, ఏడేళ్ళ మా తాత చెమట, ఒక ఎకరం. ధర పెరగలేదు. మాట తప్పారు.